వరద చూసిన కారు: కొనేముందు ఎక్కడ వెతకాలి, మన కారే మునిగితే ఏం చేయాలి

అందరికీ నమస్కారం.

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తమంటారు. ఇంజన్ శబ్దం వింటారు, సైలెన్సర్ దగ్గర పొగ చూస్తారు, ఓ రౌండు తిప్పుకొస్తారు. తప్పేం లేదండి, చూడాల్సిందే. కానీ వరదలో మునిగి తేలిన కారు ఈ మూడు పరీక్షలూ హాయిగా పాసవుతుంది. ఎందుకంటే ఇంజన్ బాగుచేయడం మన మెకానిక్‌లకి వచ్చిన పనే. బాగుచేయడం కుదరనివి కార్పెట్ కిందా, డాష్‌బోర్డు వెనకా, డోర్ల అడుగునా ఉంటాయి. ఈ పూట మాట్లాడేది వాటి గురించి.

ఈ విషయమే ఎందుకంటే, మన మార్కెట్‌లో ఇలాంటి కార్లు తిరుగుతూ ఉంటాయి. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు పొంగింది. అంతకుముందు 2020 అక్టోబరులో హైదరాబాద్. పక్కన చెన్నైలో 2015 డిసెంబరులో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి. ఆ కార్లన్నీ పాత ఇనుప సామాన్ల కొట్టుకి పోయాయనుకుంటున్నారా? చాలా వాటిని ఎండబెట్టారు, కడిగారు, పాలిష్ పెట్టారు, ఊరు మార్చారు.

దీని వెనక లెక్క ఒకటుంది. కారు ఇన్సూరెన్స్‌లో ఐడీవీ అని, కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ విలువ ఒకటి రాసి ఉంటుంది. రిపేరు ఖర్చు అంచనా ఆ విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగడుతుంది. అంటే ఐడీవీ 4 లక్షలున్న కారుకి ఎస్టిమేట్ 3 లక్షలు దాటితే రిపేరు చేయించరు, ఓనరుకి డబ్బు ఇచ్చేస్తారు. మిగిలిన కారు వేలానికి పోతుంది. షోరూం ఎస్టిమేట్ అంతా కొత్త పార్టులతో వేస్తారు కదా, డాష్‌బోర్డు వరకు మునిగిన చిన్న కారుకి కూడా 75 శాతం ఇట్టే దాటుతుంది. వేలంలో కొన్నవాళ్లు పాత పార్టులతో, పావు ఖర్చుతో నడిచేలా చేస్తారు. రిపేరు చేసి అమ్మడం నేరమేమీ కాదు. మునిగిందన్న సంగతి దాచి, మునగని కారు ధరకి అమ్మడం మాత్రం మోసం.

ముందు నీళ్లు కారుని ఏం చేస్తాయో తెలియాలి. తెలిస్తే ఎక్కడ వెతకాలో మీకే తడుతుంది.

నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయన్నది మొదటి ప్రశ్న. చక్రాల సగం వరకు వచ్చి, క్యాబిన్‌లోకి రాకుండా పోతే పెద్ద నష్టం ఉండదు. బ్రేకులు, వీల్ బేరింగులు, గేర్‌బాక్స్ ఆయిల్ చూసుకుంటే చాలు. ఫ్లోర్ దాటి సీటు కుషన్ దాకా వస్తే లెక్క మారుతుంది. సీట్ల కింద వైరింగ్ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌ని చాలా కార్లలో గేరు లివర్ దగ్గర, ఫ్లోర్‌కే బిగిస్తారు. సీటు బెల్టు రీలు పక్క స్తంభం అడుగున ఉంటుంది. ఇవన్నీ తడుస్తాయి. ఇక డాష్‌బోర్డు దాకా వస్తే మీటర్ బోర్డు, ఫ్యూజు బాక్సు, బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లు, లాకులు నడిపే చిన్న కంప్యూటర్), ఏసీ బ్లోయర్, అన్నీ నీళ్లలోనే. ఆ కారు జోలికి వెళ్లకపోవడం మంచిది. ధర ఎంత తగ్గించినా సరే.

రెండో ప్రశ్న ఎవరూ అడగరు గానీ మొదటిదానికంటే ముఖ్యం. మునిగినప్పుడు బ్యాటరీ తీశారా లేదా?

చెబుతాను. రాగి పిన్ను మంచినీళ్లలో తడిసి ఆరిపోతే దానికి పెద్దగా ఏమీ కాదు. వరద నీళ్లు మంచినీళ్లు కావు. మురుగు, ఉప్పు, బురద, పొలాల నుంచి వచ్చిన ఎరువు, అన్నీ అందులో ఉంటాయి. ఆ నీళ్లలో కరెంటు పారుతుంది. కారు ఆఫ్‌లో ఉన్నా కొన్ని వైర్లలో 12 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. సెంట్రల్ లాకింగ్, గడియారం, డైనమో వెనక పెద్ద టెర్మినల్, స్టార్టర్, బాడీ కంట్రోల్ మాడ్యూల్ సప్లై, ఇవన్నీ. బ్యాటరీ తగిలించి ఉన్న కారు నీళ్లలో కూర్చుంటే ఆ పిన్నుల దగ్గర ఎలక్ట్రాలిసిస్ మొదలవుతుంది. పాజిటివ్ పిన్ను లోహం కరిగి నీళ్లలోకి పోతుంది. బ్యాటరీ చచ్చేదాకా అది ఆగదు. కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) విప్పి చూస్తే పక్కనున్న పిన్నులు మెరుస్తూ ఉంటాయి, ఒక్క పిన్ను మాత్రం సన్నబడి, చుట్టూ పచ్చటి చిలుము పొడిగా రాలుతూ ఉంటుంది. అది ఎప్పుడూ కరెంటు ఉండే వైరు పిన్నే అయి ఉంటుంది. అలాంటి కప్లర్ ఒకటి కనిపించిందంటే కారులో మిగతా కప్లర్లన్నీ అదే వరసలో ఉన్నాయని అర్థం.

ఇంకో సంగతి. వైరు లోపల సన్న తీగలు గుత్తిగా ఉంటాయి. దీపం వత్తి నూనెని పైకి లాగినట్టు ఆ తీగలు నీళ్లని ప్లాస్టిక్ తొడుగు లోపలే పైకి లాక్కుంటాయి. అందుకే నీళ్లు రాని ఎత్తులో ఉన్న కప్లర్ కూడా కొన్ని నెలల తర్వాత చిలుము పడుతుంది. పైన ఎంత ఎండబెట్టినా తొడుగు లోపలి తడి అంత తొందరగా పోదు. వరద కారు అమ్మినప్పుడు బాగుండి, తర్వాత పాడవడానికి అసలు కారణం ఇదే. మొదటి వారం ఏ ఇబ్బందీ ఉండదు. సాధారణంగా రెండు మూడు నెలలకి పవర్ విండో ఒకటి ఆగుతుంది, వీల్ బేరింగ్ గుయ్యిమంటుంది, హ్యాండ్ బ్రేకు పట్టేస్తుంది. తర్వాత డైనమో బేరింగు, బ్లోయర్ మోటారు, ఎయిర్‌బ్యాగ్ లైటు. ఏడాది దాటాక ఫుట్‌బోర్డు కింద బాడీ లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. ఒక్కోటి చిన్న రిపేరే. అందుకే అన్నిటికీ మూలం ఒకటేనని చాలామందికి తట్టదు.

సరే, కారు దగ్గరికి వెళదాం. పగటిపూట వెళ్లండి. మంచి టార్చి లైటు, తెల్ల టిష్యూ పేపర్లు, ఫోను. ఇంతే సరంజామా.

డోరు తీయగానే వాసన చూడండి. అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి, బ్లోయర్ మాత్రం లోపలి గాలి తిరిగే మోడ్‌లో పెట్టి అయిదు నిమిషాలు కూర్చోండి. ముక్కిపోయిన వాసన, బూజు వాసన తెలుస్తుంది. మూడు నాలుగు పెర్ఫ్యూమ్ డబ్బాలు వేలాడుతుంటే, అవి తీసి బయటపెట్టి మళ్లీ కూర్చోండి. అమ్మేవాళ్లు మొహమాటపెడతారు, మీరు మొహమాటపడకండి.

తర్వాత సీటు బెల్టు. నాకడిగితే మొత్తం పరీక్షలో రెండు నిమిషాల్లో ఎక్కువ చెప్పేది ఇదే. డ్రైవర్ సీటు బెల్టుని చివరిదాకా లాగండి. మామూలుగా మనం వాడేది మూరెడో రెండు మూరలో, మిగతాది ఎప్పుడూ రీలులోనే చుట్టుకుని ఉంటుంది. కారు కడిగేవాళ్లు బయట ఉన్న భాగాన్ని రుద్దుతారు గానీ రీలులో ఉన్నది రుద్దరు. అక్కడ అడ్డంగా బురద గీత, పసుపు మరక, తడిసి ఆరిన గట్టిదనం కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు. టిష్యూ పేపరుతో గట్టిగా తుడవండి. మెరిసిపోతున్న కొత్త బెల్టు కనిపిస్తే సంతోషించకండి, బెల్టు చివర కుట్టిన లేబుల్ మీద తయారీ తేదీ చదవండి. కారు 2018ది, బెల్టు 2024ది అయితే ఎందుకు మార్చారని అడగాల్సిందే. యాక్సిడెంట్‌లో మార్చి ఉండొచ్చు, వరదలో మార్చి ఉండొచ్చు. రెండూ మీరు తెలుసుకోవాల్సినవే.

ఇప్పుడు సీటుని పూర్తిగా వెనక్కి జరిపి, ముందు వైపు నుంచి కిందకి టార్చి వేయండి. సీటు స్ప్రింగులు, పట్టాలు, వాటిని ఫ్లోర్‌కి బిగించిన బోల్టులు చూడండి. ఇవి ఎండలో వానలో ఉండేవి కావు, ఎప్పుడూ నీడలో ఉండేవి. అక్కడ తుప్పు పట్టడానికి వేరే కారణం దాదాపు ఉండదు. బోల్టు తల మీద స్పానర్ గీతలుంటే సీటు విప్పారని అర్థం. సీటు కవర్లు వేయించడానికి కూడా విప్పుతారు, కాబట్టి అదొక్కటే చూసి తేల్చేయకండి. పట్టాల గాడిలో వేలు పెట్టి లాగండి. సన్నటి ఒండ్రు, గోరుకి అంటుకునేంత మెత్తటిది, వస్తుందేమో చూడండి. రోడ్డు దుమ్ము గరుగ్గా ఉంటుంది, వరద ఒండ్రు ఆరాక పౌడరులా ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో తిరిగిన కార్లకి అడుగున తుప్పు రావడం మామూలే. ఉప్పు గాలి. ఆ తుప్పు బయట నుంచి లోపలికి వస్తుంది. సైలెన్సర్, సస్పెన్షన్ చేతులు, డోరు అంచులు, నంబర్ ప్లేటు స్క్రూలు. వరద తుప్పు బయట ఎక్కువ కనపడదు, లోపల కనపడుతుంది. డ్రైవర్ కాళ్ల దగ్గర కూర్చుని తల పైకెత్తి డాష్‌బోర్డు అడుగు చూడండి. బ్రేకు పెడల్ స్ప్రింగు, స్టీరింగ్ రాడ్డు బ్రాకెట్, పెయింట్ వేయని ఇనుప పట్టీలు అక్కడ ఉంటాయి. హైదరాబాద్‌లో తిరిగిన అయిదేళ్ల కారుకి అవి ఎర్రబడకూడదు. సముద్రం పక్క కారుకి కూడా అంతగా ఎర్రబడకూడదు.

కార్పెట్ అంచు, డోరు గడప దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీస్తే పైకి లేస్తుంది. అమ్మేవాళ్లని అడిగి తీయించండి. కార్పెట్ కింద దళసరి ఫెల్టు ఉంటుంది, నీళ్లని పీల్చుకునేది అదే. టిష్యూ పేపరు పెట్టి పాదంతో నొక్కి అర నిమిషం ఉండండి. తడి తగిలితే వరద కావచ్చు, ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయి లోపల కారడం కావచ్చు. ఏసీ కారితే ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర మాత్రమే తడి ఉంటుంది. నాలుగు మూలలా ఉంటే వేరే సంగతి. ఒక్కోసారి కార్పెట్ మరీ కొత్తగా ఉండి, సీట్లు డోర్ ప్యాడ్లు పాతగా ఉంటాయి. అది కూడా అనుమానించాల్సిందే.

డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట అడుగు చూడండి. జాకీ, స్పానర్ తుప్పు పట్టాయా? గుంటలో ఒండ్రు ఉందా? హెడ్‌లైట్ల లోపల నీటి మచ్చలు, ఒక లైటు కొత్తది ఒకటి పాతది లాంటివి చూడండి. డోర్‌లో స్పీకర్ జాలీ ఊడివస్తే లోపలి పేపర్ కోను ముడతలు పడి మరకలుంటుంది. ఫ్యూజు బాక్సు మూత తీసి రెండు ఫ్యూజులు లాగి కాళ్లు చూడండి. చిలుము ఉంటే అక్కడితో వెనక్కి తిరగొచ్చు.

తాళం ఆన్ చేసినప్పుడు మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ లైట్లు అన్నీ ఒకసారి వెలగాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లుండి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ లైటునే తీసేశారని అనుకోండి. ఏబీఎస్ లైటు ఆరినప్పుడే, అదే క్షణంలో ఎయిర్‌బ్యాగ్ లైటూ ఆరితే రెండు వైర్లూ కలిపేశారేమో అని అనుమానించాలి. మామూలుగా వాటి సమయాలు కొంచెం తేడాగా ఉంటాయి.

2013 తర్వాతి కార్లకి ఓబీడీ స్కానర్, అంటే కారులోని కంప్యూటర్లు రాసుకున్న లోపాల కోడ్లు చదివే పరికరం, పెట్టొచ్చు. ఫోనుకి కలిపే చిన్న బ్లూటూత్ డబ్బాలు ఎక్కువగా ఇంజన్ కోడ్లు మాత్రమే చదువుతాయి. వరద కారుకి అది చాలదు. అన్ని మాడ్యూళ్లూ చదివే స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లండి, ఇచ్చే డబ్బు దండగ కాదు. యు అక్షరంతో మొదలయ్యే కోడ్లు వరసగా వస్తే మాడ్యూళ్ల మధ్య వైరింగ్‌లో లోపం. అసలు ఒక్క కోడూ లేదు, కానీ రెడీనెస్ మానిటర్లు (కారు తనకు తాను చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని చూపిస్తోందంటే మీరు రావడానికి కాస్త ముందు కోడ్లు చెరిపేశారు, లేదా బ్యాటరీ విప్పారు. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా కార్లలో కనపడుతుంది. అది 12 కిలోమీటర్లు అని ఉంటే అడగండి, ఎందుకు చెరిపారని.

కాగితాలు. పాత రోజుల్లో నంబరు చూస్తే జిల్లా తెలిసేది, ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే వరస మొదలుపెట్టారు, కాబట్టి ఆ తర్వాతి కార్లకి నంబరు ఊరు చెప్పదు. ఆర్‌సీ మీద అడ్రసు, ఆర్టీవో ఆఫీసు పేరు చదవాలి. వరద వచ్చిన ఊళ్లో ఉన్న కారు, వరద తర్వాత కొద్ది నెలల్లో ఎన్ఓసీ తీసుకుని వేరే రాష్ట్రానికి మారి, అక్కడ ఇద్దరు ఓనర్లని మార్చిందంటే నిదానించండి. పాత ఇన్సూరెన్స్ పాలసీలు అడగండి, ముఖ్యంగా వరద వచ్చిన ఏడాదిదీ దాని తర్వాతదీ. క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎన్‌సీబీ, 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. ఓనరు మారకుండా 45 నుంచి ఒక్కసారి సున్నాకి పడితే క్లెయిమ్ తీసుకున్నారు, లేదా పాలసీ ముగిసి 90 రోజులు దాటనిచ్చారు. ఓనరు మారితే మాత్రం ఎన్‌సీబీ ఎలాగూ సున్నా అవుతుంది, అది కారుది కాదు, మనిషిది. ఈ తేడా చూసుకోకుండా అమ్మేవాళ్లతో గొడవ పెట్టుకోకండి. కంపెనీ షోరూంలో సర్వీసు చేయించిన కారైతే ఆ వివరాలు తీయించండి. నెలనెలా తిరిగే కారు సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అసలు కనపడలేదంటే ఎక్కడుందో అడగండి.

ఇప్పుడు రెండో సగం. మన కారే మునిగింది. ఏం చేయాలి?

తాళం పెట్టకండి. సెల్ఫ్ కొట్టడం అటుంచి, తాళం ఆన్ కూడా చేయకండి. ఆన్ చేయగానే పెట్రోల్ కారులో ట్యాంకు లోపలి పంపు ఒకటి రెండు సెకన్లు తిరుగుతుంది, ట్యాంకులో నీళ్లుంటే అవి ఇంజెక్టర్ల దాకా వెళతాయి. తడిసిన మాడ్యూళ్లకి కరెంటు వెళ్లి షార్ట్ అవుతాయి. 10 నంబరు స్పానర్ తీసుకుని బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పండి. నీళ్లు వస్తున్నాయని ముందే తెలిస్తే, కారు కదపలేని పరిస్థితి అయితే, నీళ్లు రాకముందే ఈ పని చేయండి. ఈ ఒక్క పనితో వైరింగ్‌కి వచ్చే నష్టం చాలా వరకు తగ్గుతుంది. హ్యాండ్ బ్రేకు వేయకండి, తడిసిన షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. గేరులో పెట్టి చక్రానికి ఇటుక పెట్టండి.

సెల్ఫ్ ఎందుకు కొట్టకూడదో లెక్కతో చెబుతాను. 1.2 లీటర్ పెట్రోల్ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లున్నాయనుకుంటే, ఒక్కోటి 300 సీసీ. కంప్రెషన్ 11కి 1 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 30 సీసీ. అంటే సిలిండర్‌లో 30 మిల్లీలీటర్లకి మించి నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేదు. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 1.3 డీజిల్‌లో, 17.6 కంప్రెషన్‌కి, మిగిలే చోటు 19 సీసీ కూడా ఉండదు. దగ్గు మందు మూతతో రెండు మూతలు. వంగిన రాడ్డుతో కూడా ఇంజన్ ఒక్కోసారి స్టార్టవుతుంది, కొంతకాలం నడుస్తుంది. పిస్టన్ పక్కకి రాసుకుంటూ తిరిగి, తర్వాతెప్పుడో రాడ్డు విరిగి బ్లాక్‌కి రంధ్రం పెడుతుంది. ఇన్సూరెన్స్‌లో ఇంకో చిక్కు. వరద నష్టం ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి) పాలసీలో వస్తుంది, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి) పాలసీలో రాదు. కానీ మునిగాక మనం సెల్ఫ్ కొట్టి ఇంజన్ పాడుచేస్తే, ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేకపోతే దాన్ని కంపెనీ కట్టదు. నీటి గీత కనపడేలా నాలుగు వైపులా, లోపలా ఫోటోలు తీసి, వెంటనే క్లెయిమ్ నమోదు చేయండి. తర్వాతే కారు కదపండి. చక్రాల మీద లాక్కెళ్లకండి, ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించండి.

షెడ్డులో పని వరసగా ఇలా సాగాలి. డిప్‌స్టిక్ తీసి చూస్తారు. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉన్నా, గీత దాటి పైకి ఉన్నా నీళ్లు కలిశాయి. ఎయిర్ ఫిల్టర్ బాక్సు తీసి చూస్తారు. ఫిల్టర్ పొడిగా ఉంటే సిలిండర్లు దాదాపు క్షేమం. తడిగా ఉంటే స్పార్క్ ప్లగ్గులు విప్పాలి, డీజిల్‌కి గ్లో ప్లగ్గులు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ వేసి, ఇంజన్ మామూలుగా తిరిగే దిక్కులోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. నీళ్లుంటే ప్లగ్గు రంధ్రాల్లోంచి చిమ్ముతాయి. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలవంతం చేయొద్దు. సాఫీగా తిరిగితే ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, మళ్లీ తిప్పి, కొత్త ప్లగ్గులు వేయాలి. నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ గేజ్ పెట్టి చూడాలి. ఒక్కదానిలో మిగతావాటికంటే 15 శాతం తక్కువ వస్తే రాడ్డు వంగిందేమో చూడాలి.

ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, అదే గ్రేడులో చవక ఆయిల్ పోసి, రోడ్డెక్కకుండా పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి, మళ్లీ దించండి. చిన్న కార్లకి మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది. రెండోసారి కూడా రంగు మారితే మూడోసారి. శుభ్రంగా వచ్చాకే మంచి ఆయిల్ పోసి కొత్త ఫిల్టర్ వేయండి. గేర్‌బాక్స్‌కి పైన గాలి పోయే చిన్న గొట్టం ఉంటుంది, నీళ్లు అందులోంచి దిగుతాయి. ఆ ఆయిల్ తప్పకుండా మార్చాలి, మాన్యువల్ అయితే రెండు రెండున్నర లీటర్లతో పోతుంది. ఆటోమేటిక్, సీవీటీ గేర్‌బాక్సుల్లోకి నీళ్లు దిగితే లోపలి ప్లేట్ల మీది పొర ఊడిపోతుంది, అది ఆయిల్ మార్చినంత మాత్రాన తిరిగి రాదు.

ట్యాంకు పూర్తిగా దించండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, మోతాదు దాటగానే ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుగుకి చేరతాయి. పంపు పీల్చేది అడుగునుంచే. డీజిల్‌లో కామన్ రెయిల్ పంపుకి డీజిలే ఆయిల్, అందులో నీళ్లొస్తే పంపు, ఇంజెక్టర్లు గీతలు పడి పోతాయి. ఆ ఖర్చు మామూలుగా ఉండదు. బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చాలి, వెనక డ్రమ్ములు విప్పి ఒండ్రు కడగాలి. డైనమో, స్టార్టర్ విప్పి బేరింగులు, కార్బన్ బ్రష్‌లు మార్చడం ఆటో ఎలక్ట్రీషియన్‌కి అలవాటైన పని. మారుతి, హ్యుందాయ్ చిన్న కార్లకి ఇవన్నీ విజయవాడ ఆటోనగర్ లాంటి చోట తేలిగ్గా దొరుకుతాయి.

ఇక లోపలి పని, అందరూ అరకొరగా వదిలేసేది. సీట్లు, కార్పెట్, దాని కింద ఫెల్టు, మొత్తం బయటికి రావాలి. కార్పెట్ పైనుంచి వాక్యూమ్ పెట్టి ఎండలో డోర్లు తెరిచి ఉంచితే ఆరదు. ఫ్లోర్‌కి రబ్బరు బిళ్లలుంటాయి, అవి పీకితే నిలిచిన నీళ్లు దిగుతాయి. డోర్ల అడుగు అంచులో సన్న రంధ్రాలుంటాయి, ఒండ్రుతో మూసుకుపోతాయి, తీగతో పొడవాలి. గడప కింద బోలుగా ఉండే బాడీ భాగంలోకి మంచినీళ్లు పంపి బురద పోయేదాకా కడిగి, పూర్తిగా ఆరాక క్యావిటీ వ్యాక్స్ (లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టించండి. బురదని కడగకుండా వ్యాక్స్ కొడితే తుప్పుని లోపలే పెట్టి మూసినట్టు. కప్లర్లు ఒక్కొక్కటే విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, గాలితో ఆరబెట్టి, డైఎలెక్ట్రిక్ గ్రీజు పూసి మళ్లీ తగిలించాలి. ఈ పనికి ఓపికున్న ఎలక్ట్రీషియన్‌కి రెండు మూడు రోజులు పడుతుంది. పావుగంటలో అయిపోయిందన్నవాడు విప్పలేదు.

మునిగిన కారని తెలిసి కొనొచ్చా అని కొందరు అడుగుతుంటారు. నీళ్లు ఫ్లోర్ దాటని, టర్బో లేని, మాన్యువల్ గేరు పెట్రోల్ కారు, పైన చెప్పిన పని బిల్లులతో సహా చూపిస్తే, మార్కెట్ ధరలో సగానికి అటూ ఇటూ అయితే ఆలోచించొచ్చు. బీఎస్ 6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్, ఆటోమేటిక్, హైబ్రిడ్ వద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు హై వోల్టేజీ కేబుళ్లుంటాయి, వాటిని షెడ్డులో ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

(సభలోంచి ఒకరు: ఎండాకాలం అంతా ఎండలో పెడితే వైరింగ్ దానంతటదే ఆరిపోదాండీ?)

పైన ఆరుతుందండి. కప్లర్‌లో అప్పటికే పట్టిన చిలుము ఎండకి పోదు, మళ్లీ వానాకాలం తేమ తగలగానే పని మొదలుపెడుతుంది. విప్పి కడగాల్సిందే.

(మరొకరు: కారు కొనేశాను సార్, నెల తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. మెకానిక్ కోడ్ చెరిపాడు, వారానికి మళ్లీ వచ్చింది.)

వస్తుందండి, లోపం అలాగే ఉంది కదా. ఆ లైటు వెలిగినంతసేపూ చాలా కార్లలో ఎయిర్‌బ్యాగులు పనిచేయవు, కాబట్టి దాన్ని వాయిదా వేయకండి. చెరపకముందు కోడ్ నంబరు రాయించుకోండి. సీటు కింద కప్లర్‌దైతే శుభ్రం చేస్తే సరిపోవచ్చు. కంట్రోల్ యూనిట్‌దైతే కొత్తది వేయించండి, వేరే కారు నుంచి తీసిన పాతది వద్దు. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, అవి మీరు విప్పకండి. విప్పేవాళ్లు కూడా బ్యాటరీ తీసి కనీసం అయిదు నిమిషాలు ఆగాకే చేయి పెట్టాలి. ఇంటికి వెళ్లాక మీ డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. మరక కనపడితే ఫోటో తీసి, పాత పాలసీ కాగితాలు పట్టుకుని అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లండి. ట్రాన్స్‌ఫర్ ఇంకా కాకపోతే ఫారం 29, 30 (ఓనరు పేరు మార్చే కాగితాలు) మీద ముందుకెళ్లకుండా ముందు ఆ మాట తేల్చుకోండి.